మానవ సీడీ16ఏ రీకాంబినెంట్ ప్రోటీన్: ప్రయోగశాలలో తరచుగా అడిగే ప్రశ్నలు

చికిత్సకు వాడే యాంటీబాడీలను విశ్లేషించే ప్రయోగశాలల్లో సీడీ16ఏ రిసెప్టర్ (కణం పైపొర మీద ఉండి యాంటీబాడీని పట్టుకునే అణువు) నిత్యం చేతికి వచ్చే ప్రోటీన్. దీని రీకాంబినెంట్ రూపాన్ని, అంటే జన్యువును వేరే కణాల్లో పెట్టి తయారుచేయించిన ప్రోటీన్‌ను, కొనడం సులువే. దీనితో కొలిచిన బంధ బలం అంకెను అర్థం చేసుకోవడం మాత్రం అంత సులువు కాదు. సీసాలో ఏ అల్లీల్ రూపం (ఒకే జన్యువుకు మనుషుల్లో ఉండే వేర్వేరు రకాల్లో ఒకటి) ఉంది, దాన్ని ఏ కణాలు తయారుచేశాయి, ఎదురుగా పెట్టిన యాంటీబాడీ ఒంటరి అణువులుగా ఉందా లేక గుంపులు కట్టిందా అన్న మూడు విషయాలు రాసుకోకపోతే, ఒకే యాంటీబాడీకి రెండు ప్రయోగశాలలు రెండు వేర్వేరు విలువలు చూపించి రెండూ తమదే సరైనదని అనుకుంటాయి. కింది సమాధానాలన్నీ ఆ మూడు విషయాల చుట్టూ సాగుతాయి.

సీడీ16ఏ శరీరంలో ఏ పని చేస్తుంది?

సీడీ16ఏకు ఉన్న మరో పేరు ఎఫ్‌సీ గామా రిసెప్టర్ 3ఏ. ఇది ముఖ్యంగా సహజ హంతక కణాలుగా పిలిచే ఎన్‌కే కణాల పైపొర మీద, మాక్రోఫేజ్‌ల మీద, మోనోసైట్లలో ఒక వర్గం మీద ఉంటుంది. ఐజీజీ తరగతి యాంటీబాడీ తన ఫ్యాబ్ కొనలతో, అంటే లక్ష్యాన్ని గుర్తించే చేతులతో, క్యాన్సర్ కణాన్నో వైరస్ సోకిన కణాన్నో పట్టుకున్నప్పుడు దాని తోక లాంటి ఎఫ్‌సీ భాగం బయటికి తిరిగి ఉంటుంది. ఎన్‌కే కణం మీది సీడీ16ఏ అణువులు ఆ ఎఫ్‌సీ భాగాలను అనేక చోట్ల ఒకేసారి పట్టుకోవడంతో కణం లోపలికి సంకేతం వెళ్లి, కణాలను చంపే ప్రోటీన్లైన పెర్ఫోరిన్, గ్రాంజైమ్‌లు విడుదలై లక్ష్యకణం చనిపోతుంది. ఈ ప్రక్రియనే ఏడీసీసీ (యాంటీబాడీ ఆధారంగా కణాన్ని చంపడం) అంటారు. ఈ రిసెప్టర్‌కు సొంత సంకేత భాగం లేదు. సీడీ3 జీటా గొలుసు, ఎఫ్‌సీ రిసెప్టర్ గామా గొలుసు దానికి తోడుగా ఉండి, తమలోని ఐట్యామ్ అనే సంకేత భాగాల ద్వారా ఆ పని చేస్తాయి.

దీని జన్యువు ఎఫ్‌సీజీఆర్3ఏ, ఒకటో క్రోమోజోమ్ పొడవు భుజం మీద ఉంది. పూర్తి ప్రోటీన్‌లో 254 అమైనో ఆమ్లాలు ఉంటాయి.

సీసాలో ఉండేది పూర్తి ప్రోటీనేనా?

కాదు. సాధారణంగా అమ్మేది పొర బయటి భాగం మాత్రమే, అంటే సంకేత పెప్టైడ్ పోగా మిగిలిన 17వ అమైనో ఆమ్లం నుంచి 208వ అమైనో ఆమ్లం వరకు. ఇందులో ఇమ్యునోగ్లోబ్యులిన్ తరహా డొమైన్లు రెండు ఉంటాయి, ఒక్కో డొమైన్‌ను ఒక్కో డైసల్ఫైడ్ బంధం నిలబెడుతుంది. పొరను దాటే భాగం తీసేస్తారు కాబట్టి కణాలు ఈ ప్రోటీన్‌ను కరిగిన రూపంలో మాధ్యమంలోకి వదులుతాయి. చివరన శుద్ధి కోసం హిస్టిడిన్ ట్యాగ్ అనే చిన్న తోక పెడతారు. కొన్ని రకాల్లో దానికి తోడుగా ఏవీఐ ట్యాగ్ కూడా ఉంటుంది. బిర్‌ఏ ఎంజైమ్ ఆ ట్యాగ్‌లోని ఒకే ఒక్క లైసిన్ మీద బయోటిన్‌ను చేరుస్తుంది.

ఇతర రోగనిరోధక రిసెప్టర్లను ఎఫ్‌సీతో కలిపిన కైమెరా రూపంలో కొనడం అలవాటైన వారు సీడీ16ఏను కూడా అదే రూపంలో వెతుకుతుంటారు. ఈ రిసెప్టర్ పట్టుకునేది ఎఫ్‌సీనే కాబట్టి ఆ రూపం ఇక్కడ పనికిరాదు. ఐజీజీ1 (ఐజీజీ నాలుగు ఉపవర్గాల్లో ఒకటి) ఎఫ్‌సీతో కలిపితే ఆ కైమెరా తనను తానే పట్టుకోగలదు, మీ యాంటీబాడీతో పోటీ పడగలదు. ఎఫ్‌సీని గుర్తించే ద్వితీయ యాంటీబాడీ వాడితే కొలుస్తున్నది దేనినో కూడా తెలియదు.

వీ158, ఎఫ్158 అని రెండు రకాలు ఉన్నాయి. ఏది తీసుకోవాలి?

మనుషుల్లో ఈ జన్యువుకు రెండు సాధారణ అల్లీల్ రూపాలున్నాయి. 158వ స్థానంలో ఒక రూపంలో వాలీన్, మరో రూపంలో ఫెనైల్‌అలనీన్ ఉంటుంది. ఆ స్థానం ఐజీజీ కీలు దిగువ భాగం వచ్చి తాకే చోటులోనే ఉండటం వల్ల ఒక్క అమైనో ఆమ్లపు మార్పు బంధ బలాన్ని మార్చేస్తుంది. వాలీన్ రూపం ఐజీజీ1ను ఎక్కువ బలంగా పట్టుకుంటుందని 1997లో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. అంతకుముందు 48వ స్థానంలోని మార్పు వల్ల అని భావించిన తేడా నిజానికి దానితో కలిసి సంక్రమించే 158వ స్థానానిదేనని కూడా అప్పుడే తేలింది.

దీని ప్రాధాన్యం ఆసుపత్రి దాకా వెళ్లింది. 2002లో ప్రచురితమైన ఒక ఫ్రెంచ్ అధ్యయనంలో, అంతకుముందు చికిత్స పొందని ఫోలిక్యులర్ లింఫోమా (ఒక రకం లింఫ్ గ్రంథుల క్యాన్సర్) రోగులు 49 మందికి రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు మాత్రమే ఇచ్చి చూశారు. 12 నెలల నాటికి, రెండు అల్లీళ్లూ వాలీన్ అయిన వారిలో 90 శాతం మందిలో స్పందన కనిపించగా, ఫెనైల్‌అలనీన్ అల్లీల్ కనీసం ఒకటి ఉన్న వారిలో అది 51 శాతంగా ఉంది. చిన్న అధ్యయనమే. కీమోథెరపీతో కలిపి ఇచ్చినప్పుడు ఈ తేడా అన్ని అధ్యయనాల్లోనూ అంత స్పష్టంగా కనిపించలేదు కూడా. అయినా ఎఫ్‌సీ భాగం రోగి శరీరంలో నిజంగా పనిచేస్తోందని నమ్మడానికి ఆ ఫలితం గట్టి కారణమైంది.

కాబట్టి ఏది కొనాలంటే రెండూ కొనండి. వీ158 బలంగా పట్టుకుంటుంది కాబట్టి సిగ్నల్ బాగా వస్తుంది, పరీక్షను నిలబెట్టడం తేలిక. కానీ ఎఫ్158 అల్లీల్ ఉన్నవారు ఎక్కువ మంది, పైగా బలహీనమైన ఆ రూపంలోనే యాంటీబాడీల మధ్య తేడాలు తరచుగా బయటపడతాయి. ఒక్క రూపంతో కొలిచి "సీడీ16ఏ బంధం" అని నివేదికలో రాయడం అసంపూర్ణం. కనీసం ఏ రూపమో శీర్షికలోనే చెప్పాలి.

సీసాతో వచ్చిన విశ్లేషణ సర్టిఫికెట్‌లో 158 బదులు 176 అని ఉంది. ఇది వేరే ప్రోటీనా?

అదే ప్రోటీన్. లెక్కపెట్టే పద్ధతి ఒక్కటే తేడా. సంకేత పెప్టైడ్‌తో కలిపి మొదటి నుంచి లెక్కిస్తే 176, పాత సాహిత్యంలోని పరిపక్వ ప్రోటీన్ లెక్క ప్రకారం 158. ఆ 18 స్థానాల తేడా మిగతా స్థానాలకూ వర్తిస్తుంది. ఈ వ్యాసంలో 162 అని చెప్పే గ్లైకాన్ (చక్కెర గొలుసు) స్థానం మరో చోట 180గా కనిపిస్తుంది. బృందంలో అందరూ ఒకే లెక్క వాడేలా ముందే నిర్ణయించుకోండి.

ఏ కణాల్లో తయారైందన్నది అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. ఈ ప్రోటీన్ విషయంలో ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు.

సీడీ16ఏ బయటి భాగంలో నత్రజనితో కలిసే గ్లైకాన్ గొలుసులు చేరే స్థానాలు ఐదు ఉన్నాయి: 38, 45, 74, 162, 169. వీటిలో 162వ స్థానపు గొలుసు ఐజీజీ ఎఫ్‌సీ మీద 297వ స్థానంలో ఉండే గ్లైకాన్‌కు ఎదురుగా నిలుస్తుంది. అంటే ఇక్కడ ప్రోటీన్ ప్రోటీన్‌ను తాకడంతో కథ అయిపోదు, ఒకదాని చక్కెర గొలుసు మరొకదాని చక్కెర గొలుసును కూడా తాకుతుంది. ఎఫ్‌సీ గ్లైకాన్ మొదట్లో ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంటే ఆ కలయికకు అడ్డు వస్తుంది, లేకపోతే రెండు గొలుసులు దగ్గరగా సర్దుకుంటాయి. ఈ దృశ్యాన్ని 2011లో వచ్చిన స్ఫటిక నిర్మాణాలు స్పష్టంగా చూపించాయి.

దీని నుంచి నేరుగా వచ్చే పర్యవసానం ఒకటుంది. ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసి తిరిగి మడత పెట్టిన సాధారణ సీడీ16ఏకు గ్లైకాన్లు ఉండవు. అది ఐజీజీని పట్టుకుంటుంది, ప్రోటీన్‌గా అందులో లోపం లేదు, నిర్మాణ అధ్యయనాలకు అలాంటి రూపాలు ఎంతో ఉపయోగపడ్డాయి. కానీ 162వ స్థానపు గొలుసు లేని రిసెప్టర్‌కు ఫ్యూకోజ్ ఉన్న యాంటీబాడీకీ లేనిదానికీ మధ్య తేడా దాదాపు తెలియదు. ఫ్యూకోజ్ తగ్గించిన యాంటీబాడీని అలాంటి రిసెప్టర్‌తో పరీక్షించి, మెరుగుదల కనిపించలేదని ఆ యాంటీబాడీని పక్కన పెడితే అది పెద్ద పొరపాటు అవుతుంది.

హెచ్‌ఈకే293 అనే మానవ మూత్రపిండ కణాల్లో తయారైన రూపం చాలా పనులకు సరైన ఎంపిక. ఎన్‌ఎస్0 అనే ఎలుక మైలోమా కణాల్లోనో, సీహెచ్‌ఓ అనే హ్యామ్‌స్టర్ అండాశయ కణాల్లోనో చేసినవి కూడా దొరుకుతాయి. ఇవన్నీ గ్లైకాన్లు ఉన్నవే అయినా వాటి గొలుసులు ఒకేలా ఉండవు, ఆ తేడా విలువల్లో కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనిషి రక్తంలోని ఎన్‌కే కణాల నుంచి నేరుగా వేరుచేసిన సీడీ16ఏను పరీక్షించినప్పుడు, ముఖ్యంగా 45వ స్థానంలో, హెచ్‌ఈకే293 పూర్తిగా పెంచేసే సంక్లిష్ట గొలుసులకు బదులు హైబ్రిడ్, మ్యానోజ్ ఎక్కువగా ఉండే గొలుసులు కనిపించాయి. మ్యానోజ్ ఎక్కువ ఉన్న రిసెప్టర్ ఐజీజీ1ను మరింత బలంగా పట్టుకుంటుంది. కాబట్టి హెచ్‌ఈకే293 రూపంతో వచ్చిన విలువను పోలికకు వాడండి, శరీరంలోని విలువగా చెప్పకండి.

జెల్ మీద సన్నని గీత బదులు వెడల్పాటి మసక పట్టీ వచ్చింది. ప్రోటీన్ కల్తీ అయిందా?

కాలేదు. పెప్టైడ్ గొలుసు బరువు సుమారు 22 కిలోడాల్టన్లే అయినా ఐదు గ్లైకాన్ల వల్ల, ప్రోటీన్లను బరువు ప్రకారం వేరుచేసే ఎస్‌డీఎస్ జెల్ మీద ఇది 35 నుంచి 50 కిలోడాల్టన్ల మధ్య ఎక్కడో పరుచుకుని కనిపిస్తుంది. ఒక్కో అణువు మీద గొలుసుల పొడవు వేర్వేరుగా ఉండటమే ఆ మసకకు కారణం. అనుమానం తీరాలంటే కొద్ది భాగాన్ని గ్లైకాన్లను కత్తిరించే పీఎన్‌జేస్ ఎఫ్ ఎంజైమ్‌తో కలిపి పొదిగించి, పక్క బావిలో నడిపించండి. ఆ పట్టీ కిందికి జారి 22 కిలోడాల్టన్ల దగ్గర చిక్కగా కుదురుకుంటుంది. ఎంజైమ్ సొంత గీత 36 కిలోడాల్టన్ల దగ్గర విడిగా కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడకండి.

మొలారిటీ లెక్కకు ఏ బరువు తీసుకోవాలి?

సర్టిఫికెట్‌లోని గాఢతను ఎలా కొలిచారో ముందు చూడండి. సాధారణంగా 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణతో కొలుస్తారు, అది పెప్టైడ్ గొలుసునే లెక్కిస్తుంది, గ్లైకాన్లను చూడదు. అలాంటప్పుడు పెప్టైడ్ బరువునే వాడాలి. ఉదాహరణకు 50 మైక్రోగ్రాములను 250 మైక్రోలీటర్లలో కరిగిస్తే మిల్లీలీటర్‌కు 0.2 మిల్లీగ్రాములు. 22 కిలోడాల్టన్లతో లెక్కిస్తే అది సుమారు 9.1 మైక్రోమోలార్. జెల్ మీద 45 దగ్గర కనిపించింది కదా అని ఆ బరువుతో లెక్కిస్తే 4.4 మైక్రోమోలారే వస్తుంది. అప్పుడు మీరు నివేదించే విఘటన స్థిరాంకం (ఇది ఎంత తక్కువైతే బంధం అంత బలం) సగానికి పడిపోయి, బంధం వాస్తవం కంటే రెట్టింపు బలంగా ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు ప్రయోగశాలల విలువలు సరిగ్గా రెట్టింపు తేడాతో ఉన్నాయంటే మొదట అనుమానించాల్సింది ఈ లెక్కనే.

పొడిని ఎలా కరిగించాలి, ఎలా నిల్వ చేయాలి?

మూత తీసే ముందు సీసాను కొద్దిసేపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. 50 మైక్రోగ్రాముల పొడి కంటికి ఆనదు, మూతకో గోడకో పలుచటి పొరలా అంటుకుని ఉండవచ్చు. ఆ తర్వాత తయారీదారు చెప్పిన బఫర్‌ను, సాధారణంగా పీబీఎస్ అనే శుభ్రమైన ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణాన్ని, గోడల మీదుగా జార్చి గది ఉష్ణోగ్రతలో కొన్ని నిమిషాలు కదలకుండా ఉంచి, నెమ్మదిగా వంచుతూ కలపండి. వోర్టెక్స్ మీద పెట్టకండి, పిపెట్‌తో నురగ వచ్చేలా లాగి వదలకండి.

కరిగించాక ఒక్కో ప్రయోగానికి సరిపడే చిన్న భాగాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల వద్ద పెట్టండి. మళ్లీ మళ్లీ కరిగించి గడ్డకట్టించడం వల్ల ప్రోటీన్ గుంపులు కడుతుంది, ఆ నష్టం జెల్ మీద కనిపించదు. మరీ పలుచని ద్రావణం ప్లాస్టిక్ గోడలకు అంటుకుని పోతుంది కాబట్టి నిల్వ గాఢతను మిల్లీలీటర్‌కు 0.1 మిల్లీగ్రాముల కంటే తగ్గించవద్దు. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో పొడి రూపంలో ఉన్న సీసా ప్రయాణంలో కొంత వేడిని తట్టుకోగలదు కానీ, ద్రావణం రూపంలో వచ్చేదానికి ఆ సహనం లేదు. పార్సిల్ అందగానే ఐస్ ప్యాక్‌లు ఎలా ఉన్నాయో చూసి తేదీతో సహా రాసిపెట్టుకోండి.

గాఢత నిలబెట్టడానికి బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) కలుపుకోవచ్చా అని అడుగుతారు. వేరే ప్రోటీన్లకైతే కలుపుకోవచ్చు. కానీ బీఎస్‌ఏలో ఆవు ఐజీజీ జాడలు ఉండే అవకాశం ఉంది, ఇది ఐజీజీని పట్టుకునే రిసెప్టర్. బీఎస్‌ఏ లేని రూపాన్నే కొనండి.

ఎస్‌పీఆర్ ప్రయోగంలో దేన్ని చిప్ మీద పెట్టాలి?

ఎస్‌పీఆర్ అంటే చిప్ మీద ఒక అణువుకు మరొకటి అతుక్కోవడాన్ని కాంతితో అక్కడికక్కడే కొలిచే పద్ధతి. వీలైతే యాంటీబాడీని చిప్ మీద పట్టి ఉంచి, రిసెప్టర్‌ను ద్రావణంగా ప్రవహింపజేయండి. రిసెప్టర్ ఒంటరి అణువు, ఒక ఎఫ్‌సీకి ఒకటే అతుక్కుంటుంది, కాబట్టి ఈ అమరికలో కొలిచేది నిజమైన ఒకటికి ఒకటి బంధం. తిరగేసి రిసెప్టర్‌ను చిప్ మీద పెట్టి యాంటీబాడీని ప్రవహింపజేస్తే, నమూనాలో ఒకటి రెండు శాతం ఉన్న గుంపులు కూడా అనేక రిసెప్టర్లను ఒకేసారి పట్టుకుని వదలకుండా ఉంటాయి, గ్రాఫ్ నిండా అవే కనిపిస్తాయి.

యాంటీబాడీని పట్టి ఉంచడానికి దాని యాంటీజెన్‌ను (అది గుర్తించే లక్ష్యాన్ని) గానీ, కప్పా గొలుసును పట్టుకునే ప్రోటీన్ ఎల్‌ను గానీ వాడితే ఎఫ్‌సీ భాగం స్వేచ్ఛగా ఉంటుంది. ప్రోటీన్ ఏ ఎఫ్‌సీ మీద వేరే చోటును తాకుతుంది కాబట్టి దాన్ని కూడా చాలామంది వాడుతున్నారు. కానీ ఆ అమరికలోని విలువలను యాంటీజెన్ అమరికలోని విలువలతో కలిపి ఒకే పట్టికలో పెట్టకండి. హిస్టిడిన్ ట్యాగ్‌ను పట్టుకునే ఎలుక యాంటీబాడీతో రిసెప్టర్‌ను చిప్ మీద నిలిపేవారు ఆ యాంటీబాడీ ఉపవర్గం చూసుకోవాలి, ఎందుకంటే ఎలుక ఐజీజీ2ఏ, ఐజీజీ3లను మానవ సీడీ16ఏ తనంతట తానే పట్టుకోగలదు.

గ్రాఫ్ ఆకారం చూసి కొత్తవారు నిరుత్సాహపడతారు. రిసెప్టర్ ప్రవేశించగానే రేఖ సెకన్లలో పైకి లేచి, చదునుగా సాగి, బఫర్ రాగానే అంతే వేగంగా కిందికి పడిపోతుంది. దాదాపు చతురస్రంలా ఉంటుంది. ఇది ఈ రిసెప్టర్ సహజ స్వభావం: బలహీనంగా, వేగంగా పట్టుకుని వేగంగా వదిలేస్తుంది. దీనికి వేగ స్థిరాంకాలను బలవంతంగా అతికించడం కంటే, ఒక్కో గాఢత వద్ద చదునైన భాగపు ఎత్తును తీసుకుని స్థిరస్థితి పద్ధతిలో లెక్కించడం నిజాయతీ గల పని. గాఢతలు అంచనా స్థిరాంకానికి పదో వంతు నుంచి కనీసం ఐదు రెట్ల వరకు విస్తరించాలి. 4 మైక్రోమోలార్ నుంచి సగం సగంగా తగ్గిస్తూ రావడం వీ158కు చక్కగా సరిపోతుంది. ఎఫ్158కు పై గాఢత ఇంకా పెంచాల్సి రావచ్చు, కాబట్టి దాన్ని ఎక్కువ మోతాదులో కొనండి.

పై హద్దును కూడా లెక్కించి చూసుకోండి. చిప్ మీద 500 యూనిట్ల (ఎస్‌పీఆర్ సిగ్నల్ కొలమానం) ఐజీజీ ఉంటే, 150 కిలోడాల్టన్ల ఐజీజీకి గ్లైకాన్లతో కలిపి సుమారు 35 కిలోడాల్టన్ల రిసెప్టర్ అతుక్కున్నప్పుడు గరిష్ఠంగా 117 యూనిట్లు రావాలి. మొలారిటీకి పెప్టైడ్ బరువు, ఇక్కడ మాత్రం మొత్తం బరువు. అంతకంటే ఎంతో ఎక్కువ వస్తే రిసెప్టరే గుంపులు కట్టిందని అర్థం.

ఏ విలువలు రావాలి?

2009లో మానవ ఎఫ్‌సీ గామా రిసెప్టర్లన్నింటినీ ఒకే పద్ధతిలో కొలిచిన అధ్యయనం ప్రకారం, ఐజీజీ1తో వీ158 విఘటన స్థిరాంకం సుమారు 0.5 మైక్రోమోలార్, ఎఫ్158ది సుమారు 0.85 మైక్రోమోలార్. ఐజీజీ3ని రెండు రూపాలూ ఇంకా బలంగా పట్టుకుంటాయి. ఐజీజీ2తో బంధం అతి బలహీనం, ఐజీజీ4తో ఐజీజీ1 కంటే చాలా తక్కువ. వేరే అమరికల్లో అంకెలు అనేక రెట్లు మారుతాయి, ఎఫ్158 కొన్ని చోట్ల అనేక మైక్రోమోలార్లుగా కనిపిస్తుంది. మీ అంకె ప్రచురిత అంకెతో అచ్చంగా కలవాలని చూడకండి. వరుస కలవాలి: వీ158 బలంగా, ఎఫ్158 దానికంటే బలహీనంగా, ఐజీజీ2 అట్టడుగున. వరుస తారుమారైతే ప్రయోగం ఆపి కారణం వెతకండి.

ఎలైజాలో సిగ్నల్ దాదాపు రావడం లేదు. ఎందుకు?

ఎలైజాలో రిసెప్టర్ పూసిన బావిలో యాంటీబాడీని వేసి, పలుమార్లు కడిగి, మిగిలినదాన్ని కొలుస్తారు. సెకన్లలో వదిలేసే బంధం అన్ని కడుగుళ్లను తట్టుకోలేదు. ఒంటరి ఐజీజీ1 బావిలోంచి కొట్టుకుపోతుంది, మిగిలిన సిగ్నల్‌లో ఎక్కువ భాగం గుంపులదే అయ్యే ప్రమాదం ఉంది. దీనికి పాతదే అయినా నమ్మదగిన మార్గం ఒకటుంది: యాంటీబాడీని ముందుగానే దాని తేలిక గొలుసును పట్టుకునే మేక యాంటీబాడీ ఎఫ్(ఏబీ)2 ముక్కలతో (ఎఫ్‌సీ లేని ముక్కలు) కలిపి జతలుగా మార్చి, ఆ జతలను బావిలో వేయడం. ఒకేసారి రెండు చోట్ల పట్టు దొరకడంతో బంధం నిలుస్తుంది. ఆ ముక్కలకు ముందే రంగు తెప్పించే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ జతచేసి ఉంటే గుర్తించే పనీ అదే చేస్తుంది. ద్వితీయ యాంటీబాడీగా పూర్తి ఐజీజీని, అందులోనూ కుందేలుదాన్ని, వాడవద్దు. దాని ఎఫ్‌సీని కూడా మీ రిసెప్టర్ పట్టుకుంటుంది. ఇలా వచ్చే అంకె సాపేక్షమైనది, దాన్ని విఘటన స్థిరాంకంగా రాయకూడదు.

ఫ్యూకోజ్ లేని యాంటీబాడీతో ఎంత తేడా వస్తుంది?

2002లో వచ్చిన ఒక పరిశోధనలో ఫ్యూకోజ్ తగ్గిన ఐజీజీ1 సీడీ16ఏతో 50 రెట్ల వరకు మెరుగ్గా అతుక్కుంది. ఆ తర్వాత, ఫ్యూకోజ్‌ను చేర్చే ఎఫ్‌యూటీ8 ఎంజైమ్ జన్యువును తొలగించిన సీహెచ్‌ఓ కణాలు వచ్చాయి. 2012లో జపాన్‌లో మొగామ్యులిజుమాబ్, 2013లో అమెరికాలో ఒబినుటుజుమాబ్ ఈ ఆలోచనతోనే మందులుగా అనుమతి పొందాయి. ప్రయోగంలో తేడా ముఖ్యంగా వదిలే వేగంలో కనిపిస్తుంది: చతురస్రపు కుడి అంచు నిలువుగా పడకుండా వాలుగా దిగుతుంది. ఆ వాలు కూడా ఒకే ఘాతాంకానికి సరిగ్గా లొంగకపోవచ్చు, ఎందుకంటే సీసాలోని రిసెప్టర్ అణువులన్నింటి గ్లైకాన్లు ఒకటి కావు.

మామూలు సీహెచ్‌ఓ కణాల యాంటీబాడీలో కూడా ఫ్యూకోజ్ లేని భాగం కొంత ఉంటుంది. ఆ కొద్ది భాగం బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు మారినా సీడీ16ఏ విలువ కదులుతుంది. అందుకే గ్లైకాన్ విశ్లేషణ పక్కన లేకుండా ఈ విలువను ఒంటరిగా చదవకూడదు.

బంధం అనుమానం కలిగించేంత బలంగా ఉంది. ఏం చూడాలి?

యాంటీబాడీని, అణువులను పరిమాణం ప్రకారం వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ మీద నడిపించి గుంపులు ఎంత ఉన్నాయో చూడండి, ఒంటరి అణువుల భాగాన్ని వేరుచేసి అదే రోజు మళ్లీ కొలవండి. విలువ పడిపోతే కారణం తెలిసినట్టే. దానితోపాటు 297వ స్థానంలో గ్లైకాన్ లేని యాంటీబాడీని పెట్టండి, అది దాదాపు అతుక్కోకూడదు. సీడీ16ను అడ్డుకునే 3జీ8 క్లోన్ ఫ్యాబ్‌ను రిసెప్టర్‌తో ముందుగా కలిపినప్పుడు సిగ్నల్ తగ్గాలి. ఈ రెండు నియంత్రణలు లేని ఫలితాన్ని నేనైతే అంగీకరించను.

సీడీ16ఏ దొరకకపోతే సీడీ16బీ వాడవచ్చా?

వద్దు. బయటి భాగంలో రెండింటి క్రమం దాదాపు ఒకటే, అందుకే 3జీ8 వంటి యాంటీబాడీలు రెండింటినీ గుర్తిస్తాయి. కానీ సీడీ16బీ వేరే జన్యువు నుంచి వస్తుంది, ఉండేది న్యూట్రోఫిల్‌ల మీద, పొరకు జీపీఐ అనే కొవ్వు లంగరుతో అంటుకుని ఉంటుంది. 158వ స్థానంలో దానిదీ వాలీనే అయినా ఐజీజీ1తో దాని బంధం వీ158 కంటే బలహీనం, 129వ స్థానం వంటి ఇతర తేడాలు ఇందుకు కారణమవుతాయి. కేటలాగ్‌లో ఉత్త సీడీ16 అని మాత్రమే ఉంటే జన్యువు పేరు అడిగి తెలుసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. ఎలుక నమూనాల కోసం వెతుకుతున్నవారికి దగ్గరి బంధువు ఎఫ్‌సీ గామా రిసెప్టర్ 4.

బంధం బలంగా ఉంటే ఏడీసీసీ కూడా బలంగా ఉంటుందా?

సాధారణంగా రెండూ ఒకే దిశలో కదులుతాయి, కానీ ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. లక్ష్యకణం మీద యాంటీజెన్ ఎన్ని అణువులు ఉంది, ఎపిటోప్ (యాంటీబాడీ పట్టుకునే చోటు) పొరకు ఎంత దూరంలో ఉంది, ఎన్‌కే కణాలు ఇచ్చిన దాత జన్యురూపం ఏమిటి అన్నవన్నీ కణ పరీక్షలో కలుస్తాయి. క్రియాశీలమైన ఎన్‌కే కణం మీది సీడీ16ఏను ఏడీఏఎం17 ఎంజైమ్ కత్తిరించి వదిలేస్తుంది కూడా. సీడీ16ఏను, సంకేతం అందితే వెలుగునిచ్చే ఎన్‌ఎఫ్‌ఏటీ లూసిఫరేజ్‌ను కలిగిన జుర్కాట్ కణాల పరీక్ష దాతల వైవిధ్యాన్ని తొలగిస్తుంది గానీ నిజంగా కణం చనిపోయిందో లేదో చెప్పదు. కాబట్టి మూడు మెట్లూ చూపించండి: బంధం, సంకేతం, హననం.

ఈ ప్రోటీన్‌ను కణాల మీద వేయవచ్చా?

వేయవచ్చు, యాంటీబాడీ ఎఫ్‌సీని అడ్డుకునే పోటీదారుగా కొందరు వాడతారు. అప్పుడు ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) పరిమాణం తప్పక చూడండి; మోనోసైట్లు ఉన్న సంవర్ధనంలో అతి కొద్ది ఎండోటాక్సిన్ కూడా సైటోకైన్లను రేపి, ఆ ఫలితాన్ని రిసెప్టర్ ఖాతాలో వేస్తుంది. మాధ్యమంలో మానవ సీరం ఉంటే దానిలోని ఐజీజీ మీ రిసెప్టర్‌ను ముందే ఆక్రమించుకుంటుందని కూడా గుర్తుంచుకోండి. ఈ తరహా ఉత్పత్తులు పరిశోధనకే ఉద్దేశించినవి. మనుషులకు గానీ పశువులకు గానీ ఇవ్వడానికి, రోగ నిర్ధారణకు వీటిని వాడకూడదు.

హైదరాబాద్ బయోసిమిలర్ ప్రయోగశాలల్లో దీని గురించి ఇంత మాట్లాడతారెందుకు?

హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్ బయోసిమిలర్‌ను, అంటే మూల జీవ ఔషధాన్ని పోలిన మందును, రెడిటక్స్ పేరుతో విడుదల చేసింది. ఏడీసీసీ ద్వారా పనిచేసే మందుకు పోలిక చూపించాలంటే అమైనో ఆమ్లాల క్రమం కలవడం సరిపోదు, ఎఫ్‌సీ పనితీరు కూడా మూల ఔషధంతో కలవాలి. భారతదేశంలో ఇలాంటి ఔషధాలకు మార్గదర్శకాలు 2012లో వచ్చి 2016లో సవరణ పొందాయి. ఈ రంగంలోకి కొత్తగా అడుగుపెట్టే మన విద్యార్థులు తొలి రోజుల్లోనే ఈ రిసెప్టర్‌తో పనిచేయాల్సి వస్తుంది. గ్లైకాన్ల సంగతి వారికి ఎవరైనా ముందే ఓపికగా చెప్పాలని నా కోరిక.

కొత్త లాట్ వచ్చినప్పుడు ఏం చేయాలి?

పాత లాట్ (తయారీ విడత) పూర్తిగా అయిపోకముందే కొత్తది తెప్పించి, ఒకే రోజు, ఒకే చిప్ మీద, ఒకే ప్రమాణ యాంటీబాడీతో రెండింటినీ పక్కపక్కన కొలవండి. ప్రమాణంగా ఒక ఐజీజీ1ను ఎంచుకుని, చిన్న భాగాలుగా పంచి, చాలా ఏళ్లకు సరిపడా మైనస్ 80లో దాచుకోవాలి. రిసెప్టర్ గ్లైకాన్లు లాట్‌ను బట్టి కొంత మారవచ్చు కాబట్టి, మీ నివేదికలో ఉండాల్సినది ప్రమాణంతో పోల్చిన సాపేక్ష బంధం, దాని పక్కన లాట్ సంఖ్య, అల్లీల్ రూపం, తయారైన కణం పేరు. పాత లాట్ ఆఖరి భాగం ఒకదాన్ని పారేయకుండా ఉంచండి; ఏడాది తర్వాత ఎవరైనా ఆ గ్రాఫ్‌ను ప్రశ్నిస్తే మళ్లీ నడిపించి చూపడానికి అది అవసరమవుతుంది.